ఒక లీటరు ఐస్‌క్రీమ్ ఎంత తూగుతుంది?

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద రెండు డబ్బాలు పెట్టాను. రెండూ లీటరు డబ్బాలే. రెండింట్లోనూ అంచు దాకా వెనీలా ఐస్‌క్రీమే ఉంది. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి ఒకసారి ఇలా రా తల్లీ. ఒక్కో చేత్తో ఒక్కోటి ఎత్తు. చూశారా, కుడిచెయ్యి కిందికి దిగింది. ఇప్పుడు కాటా మీద పెడదాం. ఖాళీ డబ్బా బరువు ముందే తీసేశాను. ఎడమది 545 గ్రాములు. కుడిది 890 గ్రాములు. థాంక్స్ అమ్మా, వెళ్లి కూర్చో.

మధ్యలో 345 గ్రాముల తేడా వచ్చింది. ఈరోజు నా మాటలన్నీ దాని గురించే.

చాలా ఏళ్లు పాల పదార్థాల ప్రయోగశాలలో పనిచేశాను. అక్కడ నన్ను అందరికన్నా ఎక్కువగా వేధించిన ప్రశ్న, "లీటరు ఐస్‌క్రీమ్ అంటే ఎన్ని గ్రాములండీ?" అనేది. నీళ్ల గురించి అడిగితే కిలో అని వెంటనే చెప్పేయొచ్చు. పాలైతే 1,030 గ్రాములు, కాస్త అటూ ఇటూ. ఐస్‌క్రీమ్ దగ్గరికొచ్చేసరికి నేను తిరిగి అడగాల్సి వచ్చేది: ఏ ఐస్‌క్రీమ్? ఎంత గాలి కొట్టారు? అలా అడిగితే తప్పించుకుంటున్నానని కొందరు అనుకునేవారు. కానీ అది అడగకుండా ఇచ్చే జవాబు ఏదైనా అబద్ధమే.

ఎందుకంటే ఐస్‌క్రీమ్ ఒక నురగ. గడ్డకట్టిన నురగ. పాలు, క్రీమ్, చక్కెర, పాలపొడి కలిపి కాచి చల్లార్చిన ద్రవాన్ని మనవాళ్లు మిక్స్ అంటారు. ఆ మిక్స్‌ను యంత్రంలో చల్లబరుస్తూ చిలుకుతుంటే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. నీళ్లు చిన్నచిన్న మంచు పలుకులుగా మారుతుంటాయి, గాలి చిన్నచిన్న బుడగలుగా లోపలికి చేరుతుంటుంది. చిలికినప్పుడు కొవ్వు కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఆ బుడగల చుట్టూ గోడ కడతాయి. ఆ గోడ ఉండబట్టే గాలి నిలబడుతుంది. గాలి బొత్తిగా లేకపోతే అది ఐస్‌క్రీమ్ కాదు, రాయిలాంటి మంచుగడ్డ. స్పూన్ కూడా దిగదు. అందుకని గాలి కలపడం మోసమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గాలి కూడా ఒక దినుసే. కాకపోతే దాన్ని లీటర్లలో కొలవగలం గానీ గ్రాముల్లో కొలవలేం. అందుకే ఘనపరిమాణం ఒక దారిలో, బరువు ఇంకో దారిలో పోతాయి.

ఈ గాలి లెక్కకు ఓవర్‌రన్ అని పేరు. లీటరు మిక్స్ పోస్తే లీటరున్నర ఐస్‌క్రీమ్ వచ్చిందనుకోండి, ఓవర్‌రన్ 50 శాతం. రెండు లీటర్లు వస్తే 100 శాతం. ఇక్కడ చాలామంది పొరబడతారు. 100 శాతం ఓవర్‌రన్ అంటే డబ్బా నిండా గాలే ఉందని అర్థం కాదు, డబ్బాలో సుమారు సగం గాలి అని. 50 శాతమంటే సుమారు మూడో వంతు. పోసిన మిక్స్‌తో పోల్చి చెప్పే శాతమిది, చేతికొచ్చిన డబ్బాతో పోల్చి చెప్పేది కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం గందరగోళం పోతుంది.

ఇప్పుడు మార్చే సూత్రం. నోటి లెక్కే. మిక్స్ లీటరుకు ఎంత తూగుతుందో ఆ బరువును, ఒకటికి ఓవర్‌రన్ కలిపి వచ్చిన అంకెతో భాగించండి. సాధారణంగా మిక్స్ లీటరు 1,100 గ్రాములకు దగ్గర్లో ఉంటుంది. చక్కెర, పాలలోని ఘనపదార్థాలు నీళ్లకన్నా బరువు, అవి పెరిగితే మిక్స్ బరువెక్కుతుంది. కొవ్వు నీళ్లకన్నా తేలిక, అది పెరిగితే మిక్స్ తేలికవుతుంది. సరే, 1,100 అనుకుందాం. ఓవర్‌రన్ 25 శాతమైతే 1,100ను 1.25తో భాగిస్తే 880. అంటే లీటరు ఐస్‌క్రీమ్ 880 గ్రాములు. 50 శాతమైతే 733. 100 శాతమైతే 550. బల్ల మీది డబ్బాలు ఏ రకానివో ఇప్పుడు మీకే తెలిసిపోయింది.

ఇంట్లో చిన్న యంత్రంలో చేసిన దానికి గాలి తక్కువే పడుతుంది. ఇటలీ జెలాటోకు 20 నుంచి 40 శాతం చాలు. ఖరీదైన, చిక్కటి రకాలు ఇంచుమించు ఆ వరసలోనే ఉంటాయి. పెద్ద పెట్టెల్లో వచ్చే మామూలు రకాలు 80 నుంచి 100 దాకా వెళ్తాయి.

ఇంకో చిన్న విషయం, తెలుసుకోవాలనే ఆసక్తి ఉన్నవాళ్లకు. ఉబ్బంతా గాలి వల్లే రాదు. నీళ్లు మంచుగా మారితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. మైనస్ 18 డిగ్రీల దగ్గర మిక్స్‌లోని నీళ్లలో దాదాపు ముప్పావు వంతు గడ్డకట్టి ఉంటుంది. కాబట్టి ఒక్క బుడగ కూడా చేరకపోయినా మిక్స్ 4, 5 శాతం ఉబ్బుతుంది. లెక్కలో ఈ కాస్త తేడా కనిపిస్తే కాటా చెడిపోయిందని కంగారు పడకండి.

ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి నేను ఎప్పుడూ ఒక పట్టిక చూపిస్తాను. అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించే ఆహార పోషకాల పట్టికలో మామూలు వెనీలా ఐస్‌క్రీమ్ అరకప్పు 66 గ్రాములని ఉంటుంది. కొవ్వు ఎక్కువున్న చిక్కటి వెనీలా అరకప్పు 107 గ్రాములు. కప్పు అదే, స్పూన్ అదే. 100 గ్రాములకు చూస్తే మామూలు దాంట్లో 207 కేలరీలు, చిక్కటి దాంట్లో 249. పెద్ద తేడా ఏముంది, అయిదో వంతే కదా అనిపిస్తుంది. అదే అరకప్పుకు లెక్క కడితే 137 ఒకవైపు, 266 ఇంకోవైపు. దాదాపు రెట్టింపు! చక్కెర జబ్బు ఉన్నవాళ్లు, బరువు తగ్గాలని లెక్కపెట్టుకుని తినేవాళ్లు కప్పుతో కొలిచి తృప్తిపడితే వాళ్లకు అన్యాయం జరుగుతున్నట్టే. ఈ మాట వైద్యులు కూడా రోగులకు చెప్పాలని నా కోరిక.

చట్టాలు చేసినవాళ్లకు ఇది తెలుసు. అమెరికా ఫెడరల్ నిబంధన ప్రకారం ఐస్‌క్రీమ్ అని పిలవాలంటే గ్యాలను కనీసం 4.5 పౌండ్లు తూగాలి. వాళ్ల గ్యాలను 3.785 లీటర్లు, కాబట్టి లీటరుకు సుమారు 539 గ్రాములు. భారత ఆహార భద్రతా ప్రమాణాల్లో ఐస్‌క్రీమ్‌కు లీటరుకు కనీసం 525 గ్రాములు. రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. సూత్రాన్ని తిరగేస్తే రెండు చోట్లా ఓవర్‌రన్ 100కి కాస్త పైన ఆగిపోవాల్సిందే.

అయితే బరువు నియమం ఒక్కటే పెడితే చాలదు. గాలి తగ్గించి నీళ్లు పెంచితే బరువు సరిపోతుంది, సరుకు మాత్రం పలచనైపోతుంది. అందుకే అమెరికాలో గ్యాలనుకు కనీసం 1.6 పౌండ్ల ఘనపదార్థం ఉండాలన్నారు. లీటరుకు లెక్కేస్తే దాదాపు 192 గ్రాములు. భారత నియమం ఇంకో దారిలో వస్తుంది: బరువులో 36 శాతం ఘనపదార్థాలుండాలి. 525లో 36 శాతమంటే 189 గ్రాములు. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. వేర్వేరు కొలమానాలతో బయలుదేరిన ఇద్దరు దాదాపు ఒకే గడపకు చేరారు.

ఔన్సుల గొడవ కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఔన్సు అనే మాట రెండు వస్తువులకు పేరు. బరువు ఔన్సు 28.35 గ్రాములు. ద్రవ ఔన్సు, అమెరికా కొలతలో, 29.57 మిల్లీలీటర్లు. నీళ్లకైతే ఈ రెండూ ఇంచుమించు కలుస్తాయి, అందుకే ఒకటేననే భ్రమ పుట్టింది. అమెరికా పింట్‌లో 16 ద్రవ ఔన్సులు, అంటే 473 మిల్లీలీటర్లు. 16 ఔన్సులంటే పౌండు, కాబట్టి పింట్ ఐస్‌క్రీమ్ 454 గ్రాములని రాసేవాళ్లను ఎంతోమందిని చూశాను. మామూలు రకం పింట్ 265 గ్రాముల దగ్గరే ఆగుతుంది. బ్రిటన్ పింట్ 568 మిల్లీలీటర్లు, అది మరో కొలత. పాత వంటకాల్లో పింట్ అని కనిపిస్తే ఏ దేశం పింటో తేల్చుకోకుండా గిన్నె ముట్టుకోవద్దు.

స్కూప్‌ల మీదుండే నంబర్ల సంగతి కూడా ఇలాంటిదే. 16వ నంబరు స్కూప్ అంటే, తలకొట్టి తీస్తే క్వార్ట్‌కు, అంటే గ్యాలనులో నాలుగో వంతుకు, 16 సార్లు వస్తుందని. ఒక్కోటి 59 మిల్లీలీటర్లు. 8వ నంబరు దానికి రెట్టింపు. కానీ లెక్కప్రకారం టబ్‌లోంచి రావాల్సినన్ని స్కూప్‌లు ఎప్పుడూ రావు. గీరేటప్పుడు స్కూప్ ఐస్‌క్రీమ్‌ను నొక్కుతుంది, బుడగలు చితుకుతాయి, అదే 59 మిల్లీలీటర్లలో ఎక్కువ సరుకు కూరుకుంటుంది. చెయ్యి బలంగా ఉన్నవాళ్ల స్కూప్ ఇంకా బరువు. టబ్ ఎన్ని లీటర్లో చూసి ఎంతమందికి వస్తుందో చెప్పడం కన్నా, ఒక స్కూప్ తూచి, టబ్ బరువును దానితో భాగించడం మేలు.

ఇక ఘనపరిమాణం దారిలోనే మారిపోతుంది. కొండ ప్రాంతానికి తీసుకెళ్తే బయటి గాలి ఒత్తిడి తగ్గి లోపలి బుడగలు ఉబ్బుతాయి, మూత పైకి లేస్తుంది. కిందికి తెస్తే కుంచించుకుపోయి డబ్బా అంచు వదిలేస్తుంది. నిలవలో చల్లదనం హెచ్చుతగ్గులైనా బుడగలు కూలి ఐస్‌క్రీమ్ కుంగుతుంది. తెరిచినవాళ్లు ఎవరో కొంచెం తినేశారని అనుకుంటారు. కాటా మీద పెట్టి చూడండి, ఒక్క గ్రాము తగ్గదు.

అటువైపు నుంచి ఒక ప్రశ్న వచ్చింది. డబ్బా మీద మిల్లీలీటర్లే ఉంటే గ్రాములు ఎలా తెలుస్తాయని. మంచి ప్రశ్న. కాటా ఉంటే నేరుగా తూచేయండి, డబ్బా బరువు తీసేయండి. లేకపోతే పోషకాల పట్టిక చూడండి. కొన్ని డబ్బాల మీద 100 గ్రాములకు ఇన్ని కేలరీలు, 100 మిల్లీలీటర్లకు ఇన్ని కేలరీలు అని రెండూ రాస్తారు. మిల్లీలీటర్ల అంకెను గ్రాముల అంకెతో భాగిస్తే సాంద్రత చేతికొస్తుంది. ఉదాహరణకు 100 గ్రాములకు 200, 100 మిల్లీలీటర్లకు 110 ఉందనుకోండి. 110ని 200తో భాగిస్తే 0.55. అంటే లీటరుకు 550 గ్రాములు. డబ్బా తెరవకుండానే ఎంత గాలి ఉందో చెప్పేయొచ్చు.

ఇంతవరకు తయారైన ఐస్‌క్రీమ్ సంగతి. ఇప్పుడు వెనక్కి, మిక్స్ కలిపే గిన్నె దగ్గరికి వెళ్దాం. అక్కడి మార్పిడి వేరు. దాంట్లో ఓవర్‌రన్ పాత్ర లేదు. ఒక్కో దినుసుకు ఒక్కో సాంద్రత ఉంటుంది, అంతే. కానీ నష్టం ఎక్కువ జరిగేది ఇక్కడే. తయారైనదాన్ని తప్పుగా మారిస్తే లెక్క తప్పుతుంది, మిక్స్‌లో తప్పుగా మారిస్తే ఐస్‌క్రీమే చెడుతుంది.

1896లో బోస్టన్‌లో వంట పాఠాలు చెప్పిన ఫానీ ఫార్మర్ కప్పును, స్పూన్‌ను తలకొట్టి కొలవాలని గట్టిగా ప్రచారం చేసింది. అంతకుముందు గుప్పెడు, కోడిగుడ్డంత అని చెప్పుకునే చోట అది పెద్ద ముందడుగు. ఆమె మీద నాకు గౌరవం ఉంది. కానీ తలకొట్టిన కప్పు కూడా పొడుల విషయంలో మనల్ని ఆదుకోలేదు.

కప్పుల్లో రాసిన ఒక సాదా మిక్స్ తీసుకుందాం. క్రీమ్ 2 కప్పులు, పాలు 1 కప్పు, చక్కెర ముప్పావు కప్పు. అమెరికా కప్పు 237 మిల్లీలీటర్లు. క్రీమ్ కప్పుకు 238 గ్రాములు, కాబట్టి 476. పాలు 244. చక్కెర కప్పుకు 200, కాబట్టి 150. మొత్తం 870 గ్రాములు. మరి ఘనపరిమాణం ఎంత? మూడు ముప్పావు కప్పులు కదా, 889 మిల్లీలీటర్లని రాస్తారు. రాదు. చక్కెర కప్పులో సగానికి దగ్గరగా పలుకుల మధ్య ఖాళీయే. 177 మిల్లీలీటర్ల చోటు తీసుకున్న చక్కెర కరిగాక 94 మిల్లీలీటర్లే తీసుకుంటుంది. కాబట్టి మిక్స్ 804 మిల్లీలీటర్లు. లీటరుకు 1,082 గ్రాములు. దీన్ని ఇంటి యంత్రంలో 30 శాతం ఓవర్‌రన్‌తో చిలికితే 1,045 మిల్లీలీటర్ల ఐస్‌క్రీమ్ వస్తుంది. ఘనపరిమాణం 889 అనుకున్నది 804 అయింది, మళ్లీ 1,045 అయింది. బరువు మొదట 870, చివర 870.

ఇప్పుడు నాకు జరిగింది చెప్తాను. పనిలో చేరిన కొత్తల్లో ఒక పాత వంటకాన్ని పరీక్షించమన్నారు. అందులో వెన్న తీసిన పాలపొడి ఒక కప్పని ఉంది. దాన్ని రాసినవాళ్లు వాడింది వెంటనే కరిగే రకం, పొరలుపొరలుగా, గుల్లగా ఉండేది. అది కప్పుకు 68 గ్రాములే. నా దగ్గరున్నది మామూలు మెత్తటి పొడి, కప్పుకు 120 గ్రాములు. నేను శ్రద్ధగా తలకొట్టి కప్పు పోశాను. ఐస్‌క్రీమ్ మొదటి వారం బాగానే ఉంది. నిలవ పెట్టాక నాలుక మీద ఇసుకలా తగిలింది. పాలపొడిలో సగానికి పైగా లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, ఉంటుంది. అది నీళ్లలో అంతగా కరగదు, ఎక్కువైతే పలుకులు కట్టి బయటపడుతుంది. యంత్రాన్ని అనుమానించాం, చల్లదనాన్ని అనుమానించాం, రెండు వారాలు పోయాయి. కప్పును మాత్రం ఎవరం అనుమానించలేదు. ఆ తర్వాత నేను ఎప్పుడూ పొడిని కప్పుతో కొలవలేదు, ఎవరినీ కొలవనివ్వలేదు.

తేనెతో ఇంకా తీవ్రం. చక్కెరకు బదులు తేనె, కప్పుకు కప్పు అని సలహా ఇస్తుంటారు. కప్పు చక్కెర 200 గ్రాములు. కప్పు తేనె 339 గ్రాములు. దాంట్లో ఆరో వంతు నీళ్లు తీసేసినా చక్కెరలు 280 గ్రాములకు తగ్గవు. పైగా తేనెలోవి ఎక్కువగా గ్లూకోజు, ఫ్రక్టోజు. వాటి అణువులు చిన్నవి, అదే బరువుకు రెట్టింపు దాకా సంఖ్యలో ఉంటాయి. నీళ్లు ఎంత చల్లదనానికి గడ్డకడతాయన్నది ఆ సంఖ్యను బట్టే ఉంటుంది. రెండూ కలిస్తే గడ్డకట్టకుండా ఆపే శక్తి రెండున్నర రెట్లు దాటుతుంది. ఇక ఆ ఐస్‌క్రీమ్ డీప్ ఫ్రీజర్‌లో ఎన్నాళ్లున్నా గరిటెజారుగానే ఉంటుంది. గ్రాముల్లో ఆలోచిస్తే ఈ ప్రమాదం ముందే కనిపిస్తుంది.

కప్పు సైజులు వేరైతే ఏమవుతుందని కొందరు భయపడతారు. అమెరికా కప్పు 237, మెట్రిక్ కప్పు 250, జపాన్ కప్పు 200. అన్ని దినుసులూ ఒకే కప్పుతో కొలిస్తే పాళ్లు చెడవు, మొత్తం పెరుగుతుంది లేదా తగ్గుతుంది, అంతే. చెడేది ఎప్పుడంటే, కొన్ని కప్పుల్లో, కొన్ని సంఖ్యల్లో, కొన్ని ప్యాకెట్లలో ఉన్నప్పుడు. కప్పు మారితే పాలు మారుతాయి, 5 గుడ్ల పచ్చసొన మాత్రం 5గానే ఉంటుంది.

చిక్కదనానికి వేసే గోరుచిక్కుడు జిగురు, అదే గ్వార్ గమ్ లాంటి వాటి సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. కిలో మిక్స్‌కు 2, 3 గ్రాములు. ఒక్క గ్రాము ఎక్కువైతే బంకగా సాగుతుంది. వంటింటి కాటా గ్రాముకు గ్రాము చూపిస్తుంది కాబట్టి దీనికి చాలదు. గ్రాములో పదోవంతు చూపించే చిన్న కాటా ఒకటి కొనుక్కోండి.

సరే, ఇప్పుడు చేసి చూద్దాం. బల్ల చివర కాటా ఉంది, చిన్న కప్పులున్నాయి. ఫ్లాస్కులో మిక్స్ చల్లగా ఉంది, పక్కన అదే మిక్స్‌తో పొద్దున చేసిన ఐస్‌క్రీమ్ ఉంది. ముందు ఖాళీ కప్పు పెట్టి కాటాను సున్నాకు తెచ్చుకోండి. మిక్స్ అంచు దాకా పోసి బరువు రాయండి. కప్పు కడిగి తుడిచి, ఐస్‌క్రీమ్‌ను సందులు లేకుండా, కానీ గట్టిగా నొక్కకుండా నింపి, కత్తి వెనకవైపుతో తలకొట్టి మళ్లీ తూచండి. మొదటి బరువులోంచి రెండోది తీసేసి, వచ్చినదాన్ని రెండో బరువుతో భాగించి, వందతో గుణించండి. నేను పొద్దున చేసినప్పుడు మిక్స్ 275 గ్రాములు, ఐస్‌క్రీమ్ 175 గ్రాములు వచ్చింది. 100ను 175తో భాగిస్తే 57 శాతం. మీకు ఎంత వస్తుందో పలక మీద వరసగా రాద్దాం. నలుగురు నలుగురుగా ముందుకు రండి. కరగకముందే తూచాలి, కాస్త త్వరగా.